వెసులుబాటు ఎవరికి? తెలుగు నేలపై సరళ విద్యావిధానముల చరిత్ర: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

విశాఖపట్నమునకు పడమటి దిక్కున, సింహాచలము రైల్వే స్టేషనుకు చేరువలో ఉన్న గోపాలపట్నములో పరిచర్య చేయువారికి ఒక సంగతి త్వరలోనే బోధపడును. ఇక్కడ చాలా ఇండ్లలో కాలము షిఫ్టును బట్టి నడుచును. ఓడరేవు, ఉక్కు కర్మాగారము, వాటిని ఆనుకొని బ్రతుకుచున్న కాంట్రాక్టు పనులు మా సంఘస్థుల నిద్రను, భోజనమును, ప్రార్థనను కూడ నిర్ణయించుచున్నవి.

కొన్ని సంవత్సరముల క్రితము మేము విశ్వాసుల కొరకు ఒక వేదాంత పాఠక్రమము ఆరంభించాము. ఇంటివద్ద చదువుకొనుటకు అచ్చు పాఠములు, శనివారము సాయంత్రము చర్చా తరగతి, మూడు నెలలకొక పరీక్ష. "ఎవరికి వీలైనప్పుడు వారు చదువుకొనవచ్చును" అని ప్రకటించాము. సంవత్సరము ముగియునప్పటికి చేరినవారిలో సగానికి పైగా మానివేశారు. మిగిలినవారు దాదాపు అందరు స్థిరమైన ఉద్యోగములు గలవారు. మానివేసినవారు దినకూలీలు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు. వారిలో ఒక సహోదరి మాతో అన్న మాట మాకు ఇప్పటికిని గుర్తున్నది: "అయ్యగారూ, వీలైనప్పుడు చదువుకోమన్నారు. నాకు వీలెప్పుడో మీరు అడగలేదు గదా."

ఈ వ్యాసము ఆ మాట నుండి పుట్టినది. నేర్చుకొనువాని స్థితిని బట్టి స్థలమును, సమయమును, వేగమును, పాఠమును మార్చుకొను విద్యను ఇచ్చట "సరళ విద్య" అనుచున్నాము. తెలుగు నేలపై దాని చరిత్రను, ముఖ్యముగా సంఘ చరిత్రలో దాని పాత్రను, విమర్శనా సిద్ధాంతపు వెలుగులో పరిశీలించుట మా ఉద్దేశ్యము.

1. విమర్శనా సిద్ధాంతము: మూడు ప్రశ్నలు

1923లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో స్థాపింపబడిన సామాజిక పరిశోధనా సంస్థ నుండి ఈ ఆలోచనాధార వెలువడినది. 1937లో మాక్స్ హోర్కైమర్ సంప్రదాయ సిద్ధాంతమునకును విమర్శనా సిద్ధాంతమునకును గల భేదమును వివరించాడు. మొదటిది సమాజమును ఉన్నది ఉన్నట్లు వర్ణించును. రెండవది, ఈ ఏర్పాటు ఎవరి ప్రయోజనము కొరకు నిలిచియున్నది, దీనిని మార్చుట సాధ్యమా అని అడుగును.

విద్యారంగములో ఈ దృష్టిని అందరికి తెలియజేసినవాడు బ్రెజిల్ దేశీయుడైన పౌలో ఫ్రెయిరె. ఆయన పేద రైతుకూలీలకు అక్షరములు నేర్పుచు, వారి దినచర్యలోని మాటలనే పాఠములుగా తీసుకొన్నాడు. 1964 సైనిక తిరుగుబాటు తరువాత దేశము విడువవలసి వచ్చినది. 1970 నుండి 1980 వరకు జెనీవాలోని ప్రపంచ సంఘముల సమాఖ్యలో విద్యా సలహాదారుగా పనిచేశాడు గనుక ఆయన ఆలోచన మన సెమినరీలకు పరాయిది కాదు. బ్యాంకులో సొమ్ము వేసినట్లు గురువు శిష్యుని బుర్రలో సమాచారము జమచేయుటను ఆయన ఖండించాడు.

ఈ సిద్ధాంతము సువార్తకు బదులు కాజాలదు. అన్యాయపు కట్టడిని బయలుపరచగలదు గాని, సమాధానపరచు కృప దాని యొద్ద లేదు. అయినను అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో రథముపై చదువుకొనుచున్న ఐతియొపీయుని యొద్దకు ఫిలిప్పు వెళ్లిన తీరు చూడుడి. బోధకుడే ప్రయాణికుని దారిలో పరుగెత్తాడు. చదువుచున్నది గ్రహించుచున్నావా అని మొదట అడిగాడు. ప్రయాణికుని ప్రశ్న నుండియే బోధ ఆరంభించాడు. ఇట్టి నిదర్శనమును మనస్సులో ఉంచుకొని మూడు ప్రశ్నలతో చరిత్రను చదువుదము. వెసులుబాటును ఎవరు నిర్ణయించారు? దాని భారము ఎవరిపై పడినది? నేర్చుకొనువాని జీవితము పాఠములో ఉన్నదా?

2. వీధిబడి, మిషను బడి

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో స్థానిక పాఠశాలల వివరములు పంపవలెనని కలెక్టర్లను ఆదేశించాడు. తెలుగు, కన్నడ భాషలు రెండును వాడుకలో ఉన్న బళ్లారి నుండి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో పంపిన నివేదిక ప్రసిద్ధమైనది. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పుట, ఇసుకలో వ్రాసి అక్షరములు దిద్దుట, ఒక్కొక్క పిల్లవాడు తన వేగముతో ముందుకు సాగుట మన వీధిబడి లక్షణములు. అంతకు మునుపే, మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమమును నడిపిన ఆండ్రూ బెల్ ఇట్టి పద్ధతిని గమనించి, 1797లో దానిపై పుస్తకము ప్రచురించగా, ఇంగ్లాండులో పేద పిల్లల పాఠశాలలు దానిని అనుసరించినవి. సరళ విద్య పాశ్చాత్యుల నుండి మనకు వచ్చినదని తలంచువారు ఈ సంగతి గమనింపవలెను.

అయితే ఆ అరుగు మీదికి మాల, మాదిగ పిల్లలకు ప్రవేశము లేకుండెను. బడి లోపల వేగము, వరుస, కాలము అన్నియు సడలింపబడినవి. గడప మాత్రము సడలలేదు. విమర్శనా దృష్టి లేనియెడల మనము లోపలి సౌలభ్యమును పొగడి గడపను మరచిపోదుము.

1805లో లండను మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి విశాఖపట్నము చేరారు. ఆనందరాయర్ అను క్రైస్తవుడైన బ్రాహ్మణుని సహాయముతో సువార్తల అనువాదము సాగినది. 1812లో మూడు సువార్తలు శ్రీరాంపురములో అచ్చయినవి. 1818లో ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన వెలువడినది. పాఠము ప్రజల భాషలోనికి దిగివచ్చుట అన్ని వెసులుబాటులకు పునాది. ఆ పునాది మన విశాఖలోనే పడినదని సంతోషింపవచ్చును.

3. ఒంగోలు మూడునెలల కూటములు

1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. అదే సంవత్సరము ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ సహోదరుడు బాప్తిస్మము పొంది, గ్రామముల వెంట నడిచి సువార్త చెప్పాడు. 1876-78 కరవు, బకింగ్‌హామ్ కాలువ పనులు గడిచిన తరువాత, 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇంతమందిని ఎవరు బోధింపవలెను?

సమాధానము క్రొత్త భవనములలో దొరకలేదు. మొదటి నుండియు గ్రామ బోధకులు మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడుకొనుచుండిరి. తమ పల్లెలలో జరిగినది చెప్పి, చిక్కులను విన్నవించి, కొన్ని దినములు వాక్యము నేర్చుకొని తిరిగి వెళ్లుచుండిరి. వారిలో అనేకులకు అక్షరజ్ఞానము కొద్దిపాటిదే. పల్లె నుండి వచ్చిన ప్రశ్న ఒంగోలులో పాఠమైనది. ఒంగోలు పాఠము పల్లెలో బోధయైనది. ఇరువదవ శతాబ్దములో విద్యావేత్తలు గొప్పగా చెప్పుకొన్న ఆచరణ, ఆలోచన, మరల ఆచరణ అను చక్రము చెప్పులు కుట్టు చేతులతో అప్పుడే తిరిగినది.

మన మొదటి ప్రశ్న ఇక్కడను నిలుచును. కూటముల కాలము పల్లెలకు అనుకూలముగా ఉండెను గాని, నిర్ణయాధికారము ప్రధానముగా మిషను చేతిలోనే ఉండెను. బోధకుడు సాక్షిగా గౌరవింపబడినను, విధానకర్తగా లెక్కింపబడలేదు. 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య కాలములో ఒక ముందడుగు కనబడుచున్నది. ఆయన గ్రామ ఉపదేశకులతోపాటు వారి భార్యలకును శిక్షణ ఇప్పించాడు. కుటుంబమును విడదీసి పురుషునికి మాత్రమే చదువు చెప్పుట గ్రామ పరిచర్యకు చాలదని గుర్తించుట దీనిలోని విశేషము.

4. దూరవిద్య, విస్తరణ విద్య

1963లో మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీ ఒక సమస్య నెదుర్కొన్నది. పట్టణమునకు చదువుకొన వచ్చినవారు పల్లెకు తిరిగి పోరు. పల్లెలో సంఘమును నడుపు పెద్దలు పట్టణమునకు రాలేరు. అందుచేత సెమినరీయే వారి యొద్దకు వెళ్లినది. స్వయముగా చదువుకొను పాఠము, వారపు చర్చాకూటము, సంఘములో ఆచరణ అను మూడు అంగములతో విస్తరణ వేదాంత విద్య పుట్టినది. 1971లో బెంగుళూరులో టాఫ్టీ సంస్థ దానిని మన దేశములో ఆరంభించినది. శ్రీరాంపురము సెనేటు సహితము బయటి అభ్యర్థులకు పాఠక్రమములు ఏర్పరచినది.

అదే కాలములో ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లో కరస్పాండెన్సు కోర్సులు ప్రారంభించినది. 1982లో హైదరాబాదులో స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశములోనే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. బడి మెట్టు ఎక్కని వ్యక్తియు అర్హతా పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరు మార్గము అక్కడ తెరువబడినది. వీధిబడిలో సడలని గడపను అది కొంతవరకు సడలించినది.

ఇది గొప్ప మేలు. అయినను రెండవ ప్రశ్న వేయవలసియున్నది. రెసిడెన్షియల్ సెమినరీలో విద్యార్థికి గది, భోజనము, గ్రంథాలయము, గురువు, సమయము సంస్థ సమకూర్చును. విస్తరణ విద్యలో వీటినన్నిటిని విద్యార్థి తానే వెదకుకొనవలెను. విఫలుడైతే "క్రమశిక్షణ లేదు" అందుము. ఉత్తీర్ణుడైతే "బయటి కోర్సు" అని సంఘములు తక్కువగా చూచును. సంస్థ ఖర్చు తగ్గినది, పేదవాని భారము పెరిగినది. దానికి మనము వెసులుబాటు అని పేరు పెట్టితిమి. మా శనివారపు తరగతిలో జరిగినదియు ఇదే.

5. నిచ్చెన, కథ

ఈ భారమును తగ్గించిన రెండు ప్రయత్నములు మన రాష్ట్రములోనే ఉన్నవి. మొదటిది మదనపల్లె దాపున రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రము 1980ల చివరి నుండి రూపొందించిన పద్ధతి. ఒకే ఉపాధ్యాయుడు అన్ని తరగతులవారికి చెప్పవలసిన పల్లె బడులలో, పాఠములను చిన్న చిన్న కార్డులుగా విభజించి, నిచ్చెన వలె పేర్చారు. పిల్లవాడు నాట్ల కాలములో పొలమునకు పోయి, నెల తరువాత వచ్చినను, తాను విడిచిన మెట్టు నుండియే ఎక్కును, తప్పినవాడు అనిపించుకొనడు. 2003 నుండి చెన్నై నగరపాలక పాఠశాలలు ఈ పద్ధతి నుండి నేర్చుకొన్నవి. ఇక్కడ సర్దుకొనవలసినది పిల్లవాడు కాదు, పాఠము.

రెండవది నెల్లూరు జిల్లా. 1990లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము మొదలైనది. రాత్రిబడి వాచకములలో సారావలన చితికిన కుటుంబపు గోడు "సీతమ్మ కథ"గా వచ్చినది. దూబగుంట స్త్రీలు అందులో తమ బ్రతుకును చూచుకొని, తమ ఊరి సారా దుకాణమును మూయించారు. 1992లో ఉద్యమము జిల్లా అంతట వ్యాపించినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినను, మూడవ ప్రశ్నకు దూబగుంట ఇచ్చిన జవాబు చెరిగిపోలేదు. రాత్రివేళ బడి పెట్టుట సమయపు వెసులుబాటు మాత్రమే. పాఠములో వారి జీవితము ఉండుట చేతనే ఆ స్త్రీలు చదువరులు మాత్రమే గాక చరిత్రకర్తలైరి.

6. గోపాలపట్నపు పాఠము

2020లో కొవిడ్ వలన బడులు మూతపడి, తరగతులు ఫోనులలోనికి మారినవి. దానిని కూడ సరళ విద్య అన్నారు. ఒక్క ఫోనును ముగ్గురు పిల్లలు పంచుకొను ఇంటిలో, పనికి పోవునప్పుడు తండ్రి దానిని తీసుకొనిపోయిన యెడల, ఆ సరళత ఎవరిది?

ఆ లాక్‌డౌన్ దినములలోనే, మే 7 తెల్లవారుజామున, గోపాలపట్నము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురములోని పాలిమర్ కర్మాగారము నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రించుచున్నవారిని కమ్మినది. పన్నెండుమంది మరణించారు, వందలాదిమంది ఆసుపత్రుల పాలయ్యారు. తరువాత మా చర్చాకూటములో ఒకరు అడిగారు: "అయ్యగారూ, ఇది దేవుని తీర్పా?" మరొకరు అడిగారు: "తీర్పైతే, ఫ్యాక్టరీ ప్రక్కన ఇల్లు తప్ప వేరే గతి లేనివారి మీదనే ఎందుకు?" మా అచ్చు పాఠములలో ఆ వారపు అంశము వేరే ఉండెను. మేము దానిని ప్రక్కన పెట్టి లూకా 13వ అధ్యాయము తెరిచాము. సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిన వార్తను ప్రభువు తానే ప్రస్తావించి, ఆ చనిపోయినవారు తక్కినవారికంటె పాపులని తలంచుటను ఖండించి, వినువారిని మారుమనస్సునకు పిలిచాడు. ఆ దినము మానివేసిన సహోదరి కూడ వచ్చి, చివరి వరకు కూర్చున్నది.

ముగింపు

పైన చెప్పిన సహోదరిని మేము ఆలస్యముగానైనను అడిగాము. ఆమెకు వీలు మధ్యాహ్నము రెండు గంటలకు, వారమునకు ఒక్క గంట, ఆమె వీధిలోనే. ఇప్పుడు అక్కడ అయిదుగురు స్త్రీలు కూడుచున్నారు. పరీక్షకు బదులు, ఆ వారము తాము ఎవరికి ఏమి చెప్పిరో చెప్పుదురు. ఒంగోలులో పేరయ్య తరమువారు చేసినది ఇంచుమించు ఇదే.

కావున తోటి కాపరులకును, సెమినరీ విద్యార్థులకును మా మనవి. క్రొత్త పాఠక్రమము ఆరంభించునప్పుడు సమయపట్టిక వ్రాయక మునుపు నేర్చుకొనువారిని అడుగుడి. సంస్థ విడిచిన భారము ఎవరి తలమీద పడుచున్నదో లెక్క చూడుడి. బయటి కోర్సు చదివిన సహోదరుని, సహోదరిని సంఘ పీఠముపై తక్కువగా చూడకుడి. మా సంఘములో మానివేసినవారిలో ఇంకను కొందరి ఇంటికి మేము వెళ్లవలసియున్నది. వారికి వీలెప్పుడో మేము ఇంకను అడుగలేదు.