కొల్లసొమ్ము – సాముగరిడి: ఒక చలనచిత్రకథయు, ఒక చరిత్రపాఠమును

గరివిడి పేరు వినగానే నేటివారికి మాంగనీసు గనులును, లోహమిశ్రమముల కర్మాగారమును స్ఫురించును. కాని ఈ ప్రాంతమున పెరిగినవారికి చరిత్ర యనగా మొదట గుర్తువచ్చునది కత్తి. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట కూలినది. 1794 జూలై 10వ తేదీన పద్మనాభమున విజయనగర ప్రభువు చిన విజయరామరాజు నేలకొరగెను. ఈ రెండు యుద్ధములును కథలుగా పాడబడి జనుల నాలుకలపై నిలిచినవి. గ్రామదేవతల పండుగలలో కర్రసాము, కత్తిసాము నేటికిని ఆదరము పొందుచున్నవి. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామవిద్య నభ్యసించి, దేశదేశములలో బలప్రదర్శనము గావించిన కోడి రామమూర్తినాయుడు ఈ నేల బిడ్డయే. గరిడీవిద్య యందు ఇంత మక్కువ గల ప్రజలకు జాకీ చాన్ చిత్రములు నచ్చుటలో వింత లేదు.

ఆ నటుడు తానే దర్శకుడై 2012లో తీసిన 'సి.జెడ్.12' అను చిత్రమును మేము ఈ వ్యాసమునకు ప్రస్థానబిందువుగా గ్రహించుచున్నాము. చైనానుండి కొల్లపోయిన కంచుతలలను వెదకి తెచ్చుట అందలి కథ. కథానాయకుడు మొదట కూలికి పనిచేయు దొంగ. పురావస్తువులకు నకళ్ళు చేసి అమ్ముకొను ఒక సంస్థ కొరకు అతడు బయలుదేరును. ఒడలినిండ చక్రములు కట్టుకొని కొండదారిలో దొరలుచు, ఎగురుచు, పడుచు, మనలను నవ్వించును. తుదకు మనసు మారి, అగ్నిపర్వతముపాలు కానున్న డ్రాగను తలను ప్రాణములకు తెగించి కాపాడును. హాస్యచిత్రమే యైనను అది వేసిన ప్రశ్న తేలికైనది కాదు. కొల్లపోయిన సొమ్ము ఎట్లు తిరిగివచ్చును? ఈ ప్రశ్నకు చిత్రము చెప్పిన సమాధానము బాహుబలము. చరిత్ర చెప్పు సమాధానము వేరు. దానిని నిరూపించుటయే మా ఉద్దేశము.

ముందుగా ఆ తలల వృత్తాంతము. పెకింగు సమీపమున యువాన్‌మింగ్‌యువాన్ అను రాజోద్యానమున, 18వ శతాబ్దిలో చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలమున, ఒక జలఘటికాయంత్రము నిర్మింపబడెను. మనుష్యశరీరములపై పండ్రెండు జంతువుల కంచుతలలు అమర్చి, ఒక్కొక్క తల రెండేసి గంటలు నీరు చిమ్మునట్లును, నడిమధ్యాహ్నమున అన్నియు ఒక్కసారిగా చిమ్మునట్లును ఏర్పాటు చేసిరి. రూపకల్పనము ఇటలీ దేశస్థుడైన కాస్టిల్యోనె అను జెసూటు మతగురువుది. నీటియంత్రపు పని ఫ్రెంచివాడైన బెన్వాది. 1860 అక్టోబరులో ఆంగ్ల ఫ్రెంచి సేనలు ఆ ఉద్యానమును కొల్లగొట్టెను. ఆ నెల 18వ తేదీన లార్డు ఎల్గిన్ ఆజ్ఞచే అది దగ్ధమయ్యెను. దాని సంపదలు ఐరోపా యందలి ప్రదర్శనశాలలకును, ధనికుల గృహములకును చెదరిపోయెను.

ఇచ్చట తెలుగువారమైన మనము ఒక సత్యమును దాచుకొనరాదు. చైనాపై జరిగిన ఈ దండయాత్రలలో మద్రాసు సైన్యము పాల్గొన్నది. ఆ సైన్యమున తెలుగువారు పెద్దసంఖ్యలో ఉండిరి. ఉత్తర సర్కారులు దానికి సిపాయీలను సమకూర్చిన ప్రాంతములలో ఒకటి. మొదటి నల్లమందు యుద్ధమున, 1841 మే నెల చివర, కాంటను సమీపమున సాన్‌యువాన్‌లీ అను చోట, 37వ మద్రాసు పదాతిదళమునకు చెందిన ఒక కంపెనీ గాలివానలో దారితప్పెను. తుపాకిమందు తడిసి, తుపాకులు పేలక, ఈటెలు పట్టిన గ్రామస్థుల నడుమ చిక్కుకొనెను. చైనా చరిత్రపుస్తకములలో ఆ గ్రామస్థులు దేశభక్తవీరులు. మన పుస్తకములలో ఆ సిపాయీల ప్రస్తావనయే అరుదు. 1860 దండయాత్రలో మద్రాసు సాపర్ల కంపెనీలు ఉండెను. 'టాకూ కోటలు', 'పెకింగు 1860' అను యుద్ధబిరుదములు ఆ దళమునకు దక్కినవి. ఆ సాపర్లే కొల్లలో చేయివేసిరని మేము అనుటలేదు. పరుల సొమ్మును పరుల కొరకు గెలిచిపెట్టిన చేతులలో మన చేతులును ఉండెనని మాత్రమే మా మాట. కొల్లపోయినవారమని చెప్పుకొను మనము, కొల్లగొట్టిన సేనలో నడిచినవారి సంతతిమి కూడ. 1900–01 నాటి చైనా దండయాత్రలో పెకింగు స్వర్గదేవాలయమునుండి తేబడి, భారతదేశమున సైనికుల భోజనశాలలో నిలిచియుండిన ఒక కంచుగంటను 1990ల దశకపు నడుమ మన సైన్యము చైనాకు తిరిగి యిచ్చివేసెను. ఇది చిన్న విషయమే. కాని మన సొమ్మును ఇతరులనుండి అడుగునపుడు మన మాటకు బలము చేకూర్చు విషయము.

ఇక ఆ కంచుతలలు తిరిగివచ్చిన తీరు. 2000లో హాంగ్‌కాంగ్ వేలములలో ఎద్దు, కోతి, పులి తలలను చైనా ప్రభుత్వసంస్థ యొకటి కొనెను. పంది తలను 2003లోను, గుఱ్ఱపు తలను 2007లోను మకావు వర్తకుడు స్టాన్లీ హో కొని, మొదటిదానిని అప్పుడే, రెండవదానిని 2019లో, స్వదేశమునకు సమర్పించెను. 2009 ఫిబ్రవరిలో ప్యారిసునందు ఎలుక, కుందేలు తలలు వేలమునకు వచ్చినప్పుడు జరిగినది ఏ హాస్యచిత్రమునకును తీసిపోదు. చాయ్ మింగ్‌చావ్ అను చైనా వర్తకుడు అందరికన్న హెచ్చుపాట పాడి, రెండింటిని మూడుకోట్ల యూరోలకు పైబడిన ధరకు గెలిచెను. పిమ్మట ఇది కొల్లసొమ్మనియు, తాను డబ్బు చెల్లింపననియు ప్రకటించెను. వేలము చెడినది. 2013లో ఫ్రెంచి ధనికుడు ఫ్రాన్స్వా పినో ఆ రెండు తలలను చైనాకు కానుకగా ఇచ్చెను. ఇట్లు ఏడు తలలు చేరినవి. ఒక్కదానికైనను అగ్నిపర్వతముపై పోరాటము జరుగలేదు. ధనము, దానము, ఒక చతురుని మొండిపాట, ఇవియే పనిచేసినవి. మఱియు ఇందు గమనింపదగిన లోపమొకటి కలదు. తనదైన సొమ్మును తానే ధర పెట్టి కొనుట న్యాయము గెలిచినట్లు కాదు. అది కొల్లకు వెల కట్టుట.

వెల చెల్లింపక, కండబలము చూపక, సాక్ష్యబలముచే సొమ్ము తిరిగివచ్చిన ఉదాహరణము ఆంధ్రదేశముననే కలదు. అది ప్రకాశము జిల్లాలోని చందవరము. గుండ్లకమ్మ యొడ్డున నున్న ఈ బౌద్ధక్షేత్రమును 1964లో వేలూరి వేంకటకృష్ణశాస్త్రి గుర్తించెను. 1970ల దశకమున త్రవ్వకములు జరిగెను. స్తూపముతోపాటు సున్నపురాతి శిల్పఫలకములు బయల్పడి, అక్కడి ప్రదర్శనశాలలో ఉంచబడెను. 2000 సంవత్సరప్రాంతమున అచ్చట దొంగలు పడిరి. అపహృతములైన ఫలకములలో ఒకటి, బుద్ధుని అర్చించు భక్తులను చూపునది, సముద్రములు దాటి న్యూయార్కు వర్తకుడైన సుభాష్ కపూర్ అంగడికి చేరెను. 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల దానిని కొనెను. దానితో వచ్చిన పత్రములు అది ఎంతోకాలము క్రితమే భారతదేశము విడిచిన దానివలె చూపెను.

ఈ బొంకును కూల్చినది ఒక ఛాయాచిత్రము. 1990ల దశకమున ఆ శిల్పము భారతదేశముననే ఉండెనని ఆ చిత్రము స్పష్టముగా చూపెను. రాతిపై విరిగిన అంచు, చెక్కుపోయిన ముఖము, ఇవి మనుష్యుని వ్రేలిముద్రల వంటివి. రెండు శిలలకు ఒకే విరుగుడు ఉండదు. ఈ సాక్ష్యము ముందు నిలువలేక ఆ చిత్రశాల 2016 సెప్టెంబరులో ఫలకమును భారతదేశమునకు అప్పగించెను. ఆ వర్తకునకు 2022 నవంబరులో, తమిళనాడులోని వేఱొక విగ్రహచౌర్యపు కేసులో, కుంభకోణము న్యాయస్థానము పదేండ్ల శిక్ష విధించెను. ఒక పరిశోధకుడో, ఒక ఉద్యోగియో, కెమెరాతో ఒకనాడు చేసిన చిన్నపని గరిడీవీరునకు చేతకాని పనిని నెరవేర్చినది.

అయితే ఈ మార్గము అన్నింటికిని చెల్లునా? చెల్లదు. అమరావతి శిల్పముల విషయము చూడుడు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయని నగరనిర్మాణమునకై దీపాలదిన్నె రాళ్ళు తరలుచుండగా, కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. పిదప 1816 మొదలు చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఎలియట్ త్రవ్వించి మద్రాసునకు చేర్చిన శిలలలో నూటికి పైగా లండనుకు పోయి, 1880లో బ్రిటిషు మ్యూజియము చేరినవి. ఇచ్చట ఆ శిలలు ఎచ్చటివను వివాదము లేదు. మెకంజీ చిత్రములే సాక్ష్యము. కాని తీసికొనిపోయినవారే నాటి ప్రభువులు గావున, నాటి చట్టము దానిని చౌర్యమనదు. పురాతనవస్తువుల అక్రమరవాణాపై యునెస్కో ఒడంబడిక 1970 నాటిది. మనదేశమున పురాతనవస్తు, కళానిధుల చట్టము 1972 నాటిది. ఇవి వెనుకటి కాలమునకు వర్తింపవు. శిల్పములు సున్నపుబట్టీపాలు కాకుండ మిగిలినవన్న వాదమును ఎదుటివారు తెత్తురు. అందు కొంత నిజము కలదు. అయినను కాపాడినవాడు కావలివాడగునే కాని యజమాని కాడు. కాబట్టి చందవరమునకు సాక్ష్యము చాలినది. అమరావతికి సాక్ష్యముతోపాటు ధర్మబుద్ధిని మేల్కొల్పు ప్రజావాక్కు కావలెను. ఈ రెండింటిని కలగాపులగము చేయుటవలన రెండవ వాదము బలహీనపడుచున్నదని మా అభిప్రాయము.

తిరిగి మన ప్రాంతమునకు వత్తము. వంశధారాతీరమున శాలిహుండము బౌద్ధావశేషములను 1919లో వెలుగులోనికి తెచ్చినవాడు గిడుగు రామమూర్తి పంతులు. ఆయనను భాషోద్యమనాయకుడుగా ఎల్లరు ఎఱుగుదురు. సవరల భాషను శ్రద్ధతో వ్రాసికొన్న ఆ చేయియే కొండపై ఇటుకలను, శిలలను గుర్తించి లోకమునకు తెలిపినది. తరువాత లాంగ్‌హర్స్టు మొదలైనవారు అచ్చట త్రవ్వించిరి. తార, మారీచి మున్నగు విగ్రహములు నేడు అక్కడ చూడవచ్చును. గరివిడికి చేరువనున్న రామతీర్థపు కొండలపై బౌద్ధ, జైన అవశేషములు కలవు. ఇవి రక్షితస్థలములు. వీనికి పట్టికలు ఉండును. కాని చెఱువుగట్టున, రావిచెట్టుక్రింద, పాడుపడిన గుడిలో పసుపుకుంకుమలతో పూజలందుకొను శిలలకు పట్టిక యెక్కడిది? అట్టి శిల ఒకరాత్రి మాయమైనచో, మఱునాడు ఊరివారు చెప్పగలది "మా అమ్మవారు పోయినది" అని మాత్రమే. ఎంత ఎత్తు, ఏ రాయి, ఏ చేయి విరిగినది అని అడిగినచో ఎవరును చెప్పలేరు. పరదేశపు న్యాయస్థానమున ఆ దుఃఖము సాక్ష్యముగా నిలువదు.

కావున పరిశోధక విద్యార్థులకు మా విన్నపమిది. ప్రతివారును సెలవులలో తమ గ్రామమునందలి ప్రతి ప్రాచీనశిలకును ఎత్తు, వెడల్పు కొలిచి, నలువైపుల ఛాయాచిత్రములు తీసి, విరుగుళ్ళను ప్రత్యేకముగ గుర్తించి, ఊరివారు పిలుచు పేరును వారి మాటలలోనే వ్రాసి, తేదీ వేసి, ఒక ప్రతి శాఖ గ్రంథాలయమునకును, ఒక ప్రతి పురావస్తుశాఖకును ఇయ్యవలెను. శాసనమున్నచో అచ్చొత్తి తీయవలెను. ఇది సిద్ధాంతవ్యాసమున ఒక్క పుటకైన ఎక్కకపోవచ్చును. కాని ఏదో ఒకనాడు వేలపుశాలలో ఒక శిల కనబడినప్పుడు, ఆ పుటయే దాని ఊరికి తిరుగుటపా కాగలదు.

తాండ్ర పాపారాయని కత్తి మనకు పౌరుషమును నేర్పినది. అది మనకు కావలసినదే. కాని పోయిన శిల్పమును తెచ్చుటకు గిడుగువారి కలమే మార్గము. చలనచిత్రమున సాముగరిడీని చూచి నవ్వుకొందము. ఇంటికి వచ్చి కొలబద్ద చేతబట్టుదము.