విడిభాగాలు: నాడు, నేడు

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లాండులో తయారైనవి. అసలు విడిభాగమే కావాలంటే ఓడ రావలసిందే.

నేను 1976లో కరీంనగర్‌లో స్టోర్సు గుమాస్తాగా చేరేనాటికి బస్సులు మన దేశంలోనే తయారవుతున్నాయి. అయినా ఆదిలాబాద్ ఏజెన్సీ రోడ్లకు కమాన్ పట్టీలు తరచు విరిగేవి. ఒక వానాకాలం ఇండెంటులో నేను ఒక అంకె తప్పు రాశాను. వచ్చిన సామాను పనికిరాలేదు. ఒక గూడేనికున్న ఒక్క బస్సూ నాలుగు రోజులు ఆగిపోయింది. సంతకు పోవలసినవారు వాగు దాటి నడిచారట. నన్నెవరూ ఏమీ అనలేదు గాని, ఆ సంగతి నేటికీ మరువలేను.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఆర్డరిస్తే, 2014లో తయారీ ఆగిన అంబాసిడర్‌కూ సామాను ఇంటికొస్తోంది. ఇంగ్లండులో తయారైన పాత ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లకు అక్కడివారు మన దేశపు భాగాలు తెప్పించుకుంటున్నారు. ఒకనాడు మనం వారి ఓడ కోసం చూశాం. నేడు వారు మన పార్సిలు కోసం చూస్తున్నారు.

కాని నంబరు తప్పితే ఈనాటికీ తప్పు సామానే వస్తుంది. మిత్రులారా, ఆర్డరిచ్చే మన పిల్లలచేత పాత భాగం మీది అంకెలు రెండుసార్లు చదివించండి.