విత్తనం, ధర, సమ్మతి: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీటీ పత్తి – నైతిక ప్రశ్నల చరిత్ర

జన్యుమార్పిడి పంటల వల్ల మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్న ప్రశ్న చుట్టూనే మన దేశంలో చర్చ ఎక్కువగా సాగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీటీ పత్తి చరిత్ర అంతకన్నా ముందు తేల్చవలసిన మరో ప్రశ్నను చూపుతుంది. నష్టభయం ఎవరిది? నిర్ణయాధికారం ఎవరిది? ఈ రెండూ వేర్వేరు చేతుల్లో ఉన్నప్పుడు తలెత్తిన అన్యాయాన్ని ప్రభుత్వ వ్యవస్థలు ఏ మేరకు సరిదిద్దగలిగాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1997–98లో పురుగుల ఉధృతికి వరంగల్ ప్రాంతంలో పత్తి పంట దెబ్బతిన్నది. పురుగుమందుల ఖర్చు, ప్రైవేటు అప్పుల భారం తోడై అనేకమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కాయతొలుచు పురుగును తట్టుకొనే విత్తనం కోసం రైతు ఎదురుచూడటానికి ఈ నేపథ్యమే కారణం. 2002 మార్చిలో కేంద్ర జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ మహికో సంస్థకు చెందిన మెక్–12, మెక్–162, మెక్–184 అనే మూడు సంకర రకాలకు మూడేళ్ల అనుమతినిచ్చింది.

ఇవి సంకర రకాలు కావడం గమనార్హం. సొంత పంటలోని విత్తనాన్ని దాచుకొనే, విత్తుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతుకు కల్పించింది. అయితే సంకర విత్తనం మరుసటి తరంలో అదే గుణాన్ని నిలుపుకోదు. కాబట్టి ఏటా కొనక తప్పదు. చట్టం ఇచ్చిన హక్కు పత్తి చేనులో ఆచరణకు రాలేదు.

నష్టానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మొదట వచ్చింది. వరంగల్ జిల్లాలో పంట నష్టపోయిన రైతులకు కంపెనీ పరిహారం చెల్లించాలని రాష్ట్ర ప్రభుత్వం కోరడం వివాదంగా మారింది. 2005లో ఆమోద కమిటీ పై మూడు రకాలకూ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని పొడిగించలేదు. అంటే ఆ రకాల తగుదల సాగు జరిగి, నష్టం వాటిల్లిన తరువాతే తేలింది.

రెండవది ధర. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలకు పైగా పలుకుతుండగా, అందులో జన్యు పరిజ్ఞానపు రుసుమే అధిక భాగం. 2006లో రాష్ట్ర ప్రభుత్వం మోన్‌శాంటో అనుబంధ సంస్థపై గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య విధానాల కమిషన్‌ను ఆశ్రయించింది. రుసుమును తగ్గించాలని కమిషన్ ఆదేశించింది. ప్యాకెట్ ధరను రాష్ట్రం 750 రూపాయలకు పరిమితం చేసింది. 2007లో పత్తి విత్తనాల ధర నిర్ణయానికి ప్రత్యేక చట్టం కూడా చేసింది. మేధోసంపత్తి హక్కుకు ప్రజాప్రయోజనం పేరిట ఒక రాష్ట్రం హద్దు గీసిన ముఖ్య సందర్భమిది.

ధర తగ్గినా సాగు షరతు మారలేదు. పురుగు నిరోధక శక్తిని పెంచుకోకుండా ఐదోవంతు విస్తీర్ణంలో, లేదా చేను చుట్టూ ఐదు వరుసల్లో నాన్ బీటీ పత్తి వేయాలన్నది నిబంధన. అందుకు ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చేవారు. రెండెకరాల కౌలు రైతు తన చేనులో కొంత భాగాన్ని పురుగుకు వదలడమంటే అందరి మేలు కోసం తానొక్కడే నష్టాన్ని భరించడమే. అందుకు ప్రతిఫలం ఏర్పాటు కాలేదు. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీ పత్తిని తట్టుకొంటున్నట్లు వెల్లడైంది.

మూడవది సమ్మతి. 2009 అక్టోబరులో బీటీ వంకాయకు కమిటీ ఆమోదం లభించిన తరువాత కేంద్ర మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపి, 2010 ఫిబ్రవరి 9న దాని విడుదలను నిలిపివేశారు. రైతులు, వినియోగదారులు, శాస్త్రవేత్తలు ఒకే వేదికపై మాట్లాడే అవకాశం విడుదలకు ముందే కలిగింది. అయితే అది మంత్రి చొరవతో జరిగిందే తప్ప చట్టం విధించిన బాధ్యతగా కాదు. అప్పటికే దేశంలో పత్తి సాగు అత్యధికంగా బీటీ వైపు మళ్లింది.

బీటీ పత్తి తొలి ఏళ్లలో కాయతొలుచు పురుగు మందుల వాడకం తగ్గిన మాట వాస్తవం. ఆ ప్రయోజనాన్ని తోసిపుచ్చనవసరం లేదు. కాని ఈ చరిత్రలో వ్యవస్థ రైతును మొదట నష్టపోయినవాడిగా, తరువాత కొనుగోలుదారుగా గుర్తించింది. నిర్ణయంలో భాగస్వామిగా గుర్తించడం మాత్రం పత్తి విషయంలో జరగనే లేదు. నష్టాన్ని భరించేవాడి మాటకు అనుమతి దశలోనే చట్టబద్ధమైన స్థానం లేనంత కాలం, పరిహారం గానీ ధర నియంత్రణ గానీ జరిగిన అన్యాయానికి చేసే చికిత్సే అవుతుంది, నివారణ కాదు.