గోప్యతా హక్కు: ఒక అసమ్మతి తీర్పు చరిత్ర

విజయవాడకు తూర్పున నున్న ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టుదురు. అరిగిన ఇంజన్లను విప్పి మరల బిగింతురు. అక్కడకు మరమ్మతుకు వచ్చిన ఒక లారీని ఊహింపుడు. దాని అద్దమునకు అంటించిన ఫాస్టాగ్, బండి ఏ టోల్‌గేటును ఏ గంటకు దాటినదో లెక్కకు ఎక్కించినది. డ్రైవరు జేబులోని సెల్‌ఫోను ఏ టవరుకు చేరువలో నున్నదో ఎప్పటికప్పుడు నమోదైనది. విడిభాగములు కొని ఫోనుతో పైకము చెల్లింపగా అదియు చిట్టాలో చేరినది. అతని వెంట ఎవరును నడువలేదు; అయినను అతని రాకపోకల పట్టిక తయారైనది. దానిని ఎవరు చూడవచ్చును? ఎంతవరకు చూడవచ్చును?

ఈ ప్రశ్న అంతర్జాలముతో పుట్టినది కాదు. మన దేశమున ఇది ఒక పోలీసు రికార్డును గూర్చి సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. ఉత్తర ప్రదేశ్ వాసి ఖరక్ సింగును 1941లో ఒక బందిపోటు కేసులో అరెస్టు చేసి, సాక్ష్యము లేనందున విడిచిపెట్టిరి. అయినను పోలీసులు అతని పేర ‘హిస్టరీ షీటు’ తెరచిరి. నాటి నిబంధనల ప్రకారము అతని ఇంటిపై రహస్యముగా కాపు వేయవచ్చును. రాత్రివేళ పోయి తలుపు తట్టవచ్చును. ఊరు విడిచినచో ఎక్కడకు పోయినాడో విచారించి వ్రాసికొనవచ్చును. అతడు సుప్రీంకోర్టును ఆశ్రయించెను.

1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను. రాత్రివేళ ఇంటికి పోవుట చెల్లదని అందరును అంగీకరించిరి. తక్కిన నిఘా విషయమున మాత్రము భేదము వచ్చెను. గోప్యత రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదని, రాకపోకలను గమనించినంత మాత్రమున స్వేచ్ఛ భంగపడదని నలుగురు తలచిరి. జె. సి. షాతో కలిసి ఇందుకు విభేదించి అసమ్మతి తీర్పు వ్రాసినవారు కోకా సుబ్బారావు.

సుబ్బారావు 1902లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1954లో గుంటూరున ఏర్పడిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిరి. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియైరి. గోడలు, సంకెళ్ళు మాత్రమే బంధనములు కావని ఆయన వాదము. నాగరకత పెరిగినకొలది శరీరముపై కట్లకన్న మనసుపై కట్లు బలీయమగునని, కావున గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని ఆయన వ్రాసిరి.

ఒక ఉదాహరణముతో ఈ వాదము సుబోధమగును. గ్రంథాలయములో తాను తెరచు ప్రతి పుస్తకము పేరును ఎవరో వ్రాసికొనుచున్నారని తెలిసిన విద్యార్థి, కొన్ని పుస్తకములను అడుగకయే వెనుదిరుగును. అతనిని ఎవరును ఆపలేదు. తన్ను తానే ఆపుకొనెను. అంతర్జాలములో వెదకిన మాటలును ఇట్లే నమోదు కాగలవు.

ఆ అసమ్మతి యాబదియైదేండ్లు వేచియుండవలసి వచ్చినది. 2012లో విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి ఆధార్ పథకమును సవాలు చేసిరి. గోప్యత ప్రాథమిక హక్కు కాదని ప్రభుత్వము 1954, 1962 తీర్పులను చూపెను. 2015లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టిన జాస్తి చలమేశ్వర్ నాయకత్వము వహించిన ధర్మాసనము ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనమునకు నివేదించెను. 1954 నాటి తీర్పు ఎనమండుగురిది. దానిని కాదనుటకు అంతకన్న పెద్ద ధర్మాసనము కావలెను. కావుననే తొమ్మండుగురు కూర్చుండిరి. వారిలో చలమేశ్వర్ ఒకరు. 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని వారు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 1962 నాటి అసమ్మతియే సరియైనదని అంగీకరించిరి. సుబ్బారావు 1976లోనే కన్నుమూసియుండిరి.

అయితే ఈ హక్కునకును హద్దులు కలవు. ప్రభుత్వము దానిలో జోక్యము చేసికొనవలెనన్న చట్టము ఉండవలెను. ప్రయోజనము న్యాయమైనదై యుండవలెను. జోక్యము ఆ ప్రయోజనమునకు తగిన మేరకే జరుగవలెను.

అంతర్జాలమును అసలు వాడుకొను స్వేచ్ఛ దీనికి తోబుట్టువు. 2019 ఆగస్టు నుండి కాశ్మీరులో అంతర్జాలమును నిలిపివేయగా, నాటి కృష్ణా జిల్లా పొన్నవరమున పుట్టిన ఎన్. వి. రమణ నాయకత్వమునగల ధర్మాసనము 2020 జనవరి 10న తీర్పిచ్చెను. అంతర్జాలము ద్వారా భావప్రకటనకు, వృత్తివ్యాపారములకు రాజ్యాంగ రక్షణ కలదని, గడువు లేకుండ దానిని నిలిపివేయరాదని అందు చెప్పిరి.

ప్రపంచమంతటను ఈ హక్కు ఇట్లే మెట్టుమెట్టుగా ఎదిగినది. 1948 నాటి సార్వజనీన మానవహక్కుల ప్రకటన ఇంటిని, ఉత్తరములను అక్రమ జోక్యము నుండి కాపాడవలెననెను. వెలుపల గల హక్కులు అంతర్జాలములోను ఉండవలెనని 2013లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించెను. ఐరోపా సమాఖ్య సమాచార రక్షణ నిబంధన 2018 మేలో అమలులోనికి వచ్చెను. మన పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసెను. దాని నియమములు 2025 నవంబరులో వెలువడెను. తన సమాచారమును గూర్చి తెలిసికొనుట, తప్పులు దిద్దించుట, తుడిపించుట ఆ చట్టము పౌరునికిచ్చు హక్కులు. అయితే దేశభద్రత వంటి కారణములపై ప్రభుత్వము ప్రకటించు సంస్థలకు మినహాయింపు కలదు. ఖరక్ సింగు లేవనెత్తిన ప్రశ్న ఈ మినహాయింపు వద్ద నేటికిని నిలిచియున్నది.

బ్రేకులు బాగుచేయుటకు లారీని అప్పగించిన డ్రైవరు, తన పెట్టె తాళము తీయుటకు మెకానిక్కునకు అనుమతి యిచ్చినట్లు కాదు. టోలు కొరకు, పైకము చెల్లించుట కొరకు ఇచ్చిన సమాచారమునకును అదియే న్యాయము.