తామర

చర్మం, గోళ్లు, వెంట్రుకల్లోని కెరటిన్‌ను తిని బతికే శిలీంధ్రాల వల్ల వచ్చే అంటువ్యాధి. గుండ్రని మచ్చగా మొదలై అంచులు ఎర్రగా, పొలుసులతో పాకుతుంది. మధ్యభాగం మానినట్టు కనిపిస్తుంది. చెమట నిలిచే గజ్జలు, నడుము, చంకల్లో ఎక్కువ. తువ్వాళ్లు, దుస్తుల ద్వారా ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది.

వైద్యుల చీటీ లేకుండా మందుల షాపులో కొనే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దీన్ని మొండిగా మారుస్తున్నాయి. అవి దురదను, ఎరుపును తగ్గిస్తాయి. కానీ చర్మపు రోగనిరోధక స్పందనను అణచడంతో శిలీంధ్రం లోలోపల విస్తరిస్తుంది. మచ్చ రూపు మారి వైద్యులే పోల్చుకోలేని స్థితి వస్తుంది. చాలాకాలం రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి; ఆ చారలు ఇక పోవు. ఇంతటి నష్టం చేసే క్రీమును తామర మందుగా అమ్మడం అన్యాయం. దీనికి తోడు, భారతదేశంలో విస్తరించిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే (2020లో పెట్టిన పేరు) అనే తామర శిలీంధ్రం చాలాసార్లు శిలీంధ్రనాశక మందైన టెర్బినాఫిన్‌కు లొంగదు.

శిలీంధ్రనాశక క్రీమును మచ్చ అంచు దాటి కూడా రాయాలి. దురద తగ్గగానే ఆపకూడదు. తామర ఉన్న కుటుంబసభ్యులందరూ ఒకేసారి చికిత్స తీసుకోవాలి. ఎక్కువ చోట్ల ఉన్నా, తలపైన లేదా గోళ్లకు వచ్చినా సాధారణంగా మాత్రలు అవసరం.