చర్చాచార్యుని తయారీ: దక్షిణకోసలపు పాఠం

భిలాయి అనగానే ఉక్కు కర్మాగారం స్ఫురిస్తుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైన తొలి బ్లాస్ట్ ఫర్నేస్, ఉపాధికై తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ నగరపు ఆధునిక చరిత్ర. అయితే ఆ నేల ప్రాచీన దక్షిణకోసలంలో భాగం. రాయపూర్‌కు తూర్పున మహానదీతీరంలోని సిర్పూర్‌లో, 1950ల త్రవ్వకాలలో ఆనందప్రభు విహారం బయల్పడింది. 7వ శతాబ్దంలో కోసలానికి వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ ఇక్కడ సుమారు 100 సంఘారామాలు, పదివేలకు కొంత తక్కువగా భిక్షువులు ఉన్నట్లు వ్రాశాడు.

2016లో ఐఐటీ భిలాయి ఏర్పడింది. ఉన్నత విద్యాసంస్థలలో పరిశోధక విద్యార్థులు అధ్యాపకులకు సహాయకులై, చిన్న బృందాల చర్చలు నడపడం పరిపాటి. విషయం తెలిసినంత మాత్రాన చర్చ నడపగలరా? ఈ ప్రశ్న బౌద్ధసంఘం ఏనాడో ఎదుర్కొన్నదే.

ఉపసేనుడనే భిక్షువు, తనకు ఉపసంపద అయి ఒక్క వర్షావాసమే గడిచినా, మరొకరికి ఉపసంపద ఇచ్చి శిష్యునిగా చేసుకున్నాడు. ఇంకా ఇతరుల శిక్షణలో ఉండవలసినవాడు ఇతరులకు శిక్షణ ఇవ్వబూనడమేమని బుద్ధుడు మందలించి, పది వర్షావాసాలు గడచినవారే ఉపాధ్యాయులు కావాలని నియమించాడు. అంతటితో సమస్య తీరలేదు. పదేళ్లు నిండాయన్న ధీమాతో అజ్ఞులు కూడా ఉపాధ్యాయులయ్యారు. గురువు మూఢుడు, శిష్యుడు ప్రాజ్ఞుడు అయిన సందర్భాలు ఏర్పడ్డాయి. అందుచేత విద్వత్తు, సమర్థత కూడా ఉండాలని నియమాన్ని సవరించవలసి వచ్చింది. ఈ వృత్తాంతం వినయపిటకంలోని మహావగ్గంలో ఉంది. వయస్సు అవసరమే గాని అదొక్కటే అర్హత కాదన్నది దాని సారం.

బృందం పరిమాణం గురించి కూడా సంఘానికి అవగాహన ఉన్నది. శ్రావస్తిలోని పూర్వారామంలో స్థవిరులు కొందరు పదిమందికి, కొందరు ఇరవైమందికి, మరికొందరు ముప్ఫై, నలభైమందికి బోధించారని ఆనాపానసతి సుత్తం చెబుతుంది. సంఘమంతటికీ ఒక్కరే బోధించలేదు; అందరికీ సమానసంఖ్యలో శిష్యులనూ పంచలేదు.

మరి సమర్థత ఎలా అలవడుతుంది? దీనికి జవాబు నాగార్జునుని కథలో దొరుకుతుంది. సింహళం నుండి దేవుడు, అనగా ఆర్యదేవుడు, వాదానికై నాగార్జునుని వద్దకు వచ్చిన ఘట్టాన్ని హ్యూయెన్‌త్సాంగ్ కోసలదేశ వర్ణనలోనే చెప్పాడు. నాగార్జునుడు నిండు నీటిపాత్రను పంపగా, దేవుడు మారుమాటాడక అందులో సూదిని విడిచాడు. జ్ఞానజలం ఎంత నిండుగా ఉన్నా దాని అడుగును అందుకోగల జిజ్ఞాస తనకున్నదని ఆ సూది భావం.

తరువాతి ఘట్టం పాటలీపుత్రానికి సంబంధించినది. అక్కడ పరవాదుల చేతిలో బౌద్ధులు ఓడి, పన్నెండేళ్లుగా విహారంలో ఘంట మ్రోగలేదు. దేవుడు తాను వెళ్తానన్నాడు. నాగార్జునుడు వెంటనే అనుమతించలేదు; ఉపన్యాసం చెప్పి దీవించి పంపనూ లేదు. తానే పరవాదుల పక్షం వహించి, తనను ఖండించమన్నాడు. ఏడు దినాల వాదం పిమ్మట గురువు పక్షం నిలువలేదు. అప్పుడే శిష్యునికి అనుమతి లభించింది.

ఇవి పరంపరాగత గాథలు. వీటిలో చారిత్రకాంశం ఎంతైనా, ఒక బోధనాపద్ధతికి మాత్రం ఇవి స్పష్టమైన సాక్ష్యాలు. శిష్యుడు రేపు ఎదుర్కొనబోయే ప్రశ్నను గురువు నేడే తన నోట పలికాడు. ఓడిపోవడానికి సిద్ధపడ్డాడు. శిష్యుని తప్పు సభలో గాక గురుసన్నిధిలోనే బయటపడే అవకాశం కల్పించాడు.

ఈనాడు సహాయక విద్యార్థికి పాఠ్యభాగాన్ని అప్పగించి తరగతికి పంపివేయడం తేలిక. కాని మొండిగా వాదించేవాడు, ఒక్కమాటా పలుకనివాడు, అన్యభాషలో ఆలోచించి సంకోచించేవాడు అక్కడ ఒకేచోట కూర్చుని ఉంటారు. అనేక ప్రాంతాలవారు కలిసి బ్రతికే భిలాయి వంటి నగరంలో ఇది మరింత నిజం. అధ్యాపకుడు ముందుగా ఆ పాత్రలన్నీ తాను ధరించి చూపాలి. కొలిమి వద్ద కొత్తవానిని ఒంటరిగా నిలబెట్టరు; పదిమంది ఆలోచనలు కరిగి కలిసే చోట మాత్రం ఎందుకు నిలబెట్టాలి?