లూవేను గ్రంథాలయము: ఒక జమాఖర్చు

విద్యాధనమును దొంగలు దోచుకొనలేరు, రాజులు లాగుకొనలేరు, అన్నదమ్ములు పంచుకొనలేరు అని మన పెద్దలు చెప్పిరి. ఆ మాట మనుష్యుని బుద్ధియందు నిలిచిన విద్యను గూర్చినది. తాటాకుపైనను కాగితముపైనను ఉన్న విద్యకు అట్టి అభయము లేదు. దానిని రాజు తీసికొనిపోవును, అగ్ని కాల్చును, దాయాదులు పంచుకొందురు. ఈ మూడు ఆపదలును ఒక్క గ్రంథాలయమునకే సంభవించిన చరిత్రము యూరపు ఖండమున గలదు. అది బెల్జియము దేశమునందలి లూవేను విశ్వవిద్యాలయ గ్రంథాలయ చరిత్రము.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఆ దూరదేశపు కథ యేల యని పాఠక మహాశయులు అడుగవచ్చును. గ్రంథాలయము చిన్నదైనను పెద్దదైనను దాని కష్టసుఖములు ఒక్కతీరుననే యుండును. పుస్తకము ఏ ద్వారమున వచ్చును, ఏ ద్వారమున పోవును, పోయినదానిలో ఎంత తిరిగి వచ్చును అను లెక్క అన్నిచోట్ల నొక్కటియే. లెక్కలు వ్రాయుట నా వృత్తి యగుటచే ఈ చరిత్రమును జమాఖర్చు రీతిగనే విన్నవించుచున్నాను.

ప్రారంభపు నిల్వ

లూవేను బ్రస్సెల్సు నగరమునకు తూర్పుగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్న పట్టణము. బ్రబాంతు ప్రభువైన నాలుగవ జాను కోరికపై 1425లో అయిదవ మార్టిను పోపు అచ్చట విశ్వవిద్యాలయ స్థాపనకు అనుమతి నిచ్చెను. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, అంతటి విద్యాపీఠమునకు సుమారు రెండువందల సంవత్సరముల పాటు అందఱికిని చెందిన గ్రంథాలయ మొకటి లేకుండెను. ఆచార్యుల పుస్తకములు ఆచార్యులవి, కళాశాలల పుస్తకములు కళాశాలలవి. విద్యార్థి యొక గ్రంథమును చూడవలెనన్న దానిని కలిగియున్నవారి దయపై నాధారపడవలసి యుండెను.

ఈ లోటు రాజశాసనమువలన తీరలేదు; ఒక చదువరి దానమువలన తీరెను. ఆ విశ్వవిద్యాలయముననే చదివిన లారెంషియసు బేయర్లింకు అను మతాచార్యుడు 1627లో మరణించుచు తన 852 సంపుటములను దానికి విడిచిపోయెను. అటుపిమ్మట వైద్యశాస్త్రాచార్యుడొకడు తన గ్రంథములను చేర్చెను. 1636లో గ్రంథాలయము ఏర్పడెను. వలేరియసు ఆంద్రేయాసు అను పండితుడు దానికి ప్రథమ గ్రంథపాలకుడై పట్టికను తయారుచేసెను. అది నెలకొన్న భవనము పూర్వము బట్టల వర్తకులు సంత జరుపుకొనుటకై పదునాలుగవ శతాబ్దమున కట్టించిన సాల. నూలు మూరలు కొలిచిన చోటనే పిమ్మట శాస్త్రములు పరిశీలింపబడెను. ఈ ఖాతాలో మొదటి జమ 852 అనియు, అది యొక పాఠకుని చేతిమీదుగా వచ్చినదనియు మనము జ్ఞాపకముంచుకొనవలెను.

రాజు తీసికొనిపోయినది

మొదటి ఖర్చు పరిపాలకుల వలన కలిగెను. ఫ్రెంచి విప్లవానంతరము బెల్జియము ఫ్రాన్సువారి వశమయ్యెను. 1797లో వారు విశ్వవిద్యాలయమును మూసివేసిరి. గ్రంథములలో కొన్ని పారిసునకును కొన్ని బ్రస్సెల్సునకును తరలిపోయినవి. 1834లో కాథలికు మతాచార్యులు విశ్వవిద్యాలయమును పునఃస్థాపించి, మఱుసటి సంవత్సరము దానిని లూవేనునకు మరల్చిరి. గ్రంథాలయము ఆ పాత సాలలోనే తిరిగి పెరిగెను.

అగ్ని కాల్చినది

1914వ సంవత్సరము మనకును ముఖ్యమైనదే. ఆ యేడు ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై తమకొక సంఘమును స్థాపించుకొనిరి. అయ్యంకి వేంకటరమణయ్యగారి వంటి మహనీయుల కృషివలన పల్లెపల్లెకు పుస్తకము చేరవలెనను ఉద్యమము అచ్చట బలపడెను. నాలుగు మాసములు గడచి పదునైదు దినములు కాగానే లూవేనులో శతాబ్దముల గ్రంథసంచయము బూడిద యయ్యెను.

ఆగస్టు 4వ తేదీన జర్మను సైన్యము బెల్జియమున ప్రవేశించెను. 19వ తేదీన లూవేనును ఆక్రమించెను. 25వ తేదీ సాయంకాలమున పట్టణమున తుపాకుల మ్రోత వినబడెను. పౌరులు దాగి తమపై కాల్పులు జరుపుచున్నారని సైనికులు ఇండ్లపై బడిరి. ఆ రాత్రియే గ్రంథాలయమునకు నిప్పు పెట్టిరి. గోడలు మాత్రము నిలిచినవి. పట్టణవాసులలో 248 మంది హతులైరి. సుమారు 1,500 మందిని జర్మనీకి తరలించిరి. పుస్తకముల లెక్కకు ముందుగా ఈ మనుష్యుల లెక్కను వ్రాయుట ధర్మము.

ఇంక గ్రంథనష్టము. పోయిన సంపుటములు 2,30,000 అని కొందఱు, 3,00,000 అని కొందఱు వ్రాసిరి. అచ్చుయంత్రము పుట్టిన తొలి దినములలో ముద్రింపబడిన గ్రంథములు వందలకొలది. చేతివ్రాత ప్రతులు 950 వఱకు వానితో దగ్ధమైనవి. అచ్చుపుస్తకమునకు వేఱొకచోట తోబుట్టువు లుండును. చేతివ్రాత ప్రతికి నకలు లేనిచో అది యేకాకి. అది పోయిన, దానితో అందున్న మాటయు లోకమునుండి పోవును.

ఈ కార్యమును లోకము గర్హింపగా, అదే సంవత్సరము అక్టోబరులో 93 మంది జర్మను విద్వాంసులు ఒక ప్రకటనపై చేవ్రాలు చేసి, తమ సైనికులు లూవేనులో క్రూరముగా ప్రవర్తించిరనుట నిజము కాదనిరి. వారిలో జగత్ప్రసిద్ధులైన శాస్త్రజ్ఞులుండిరి. చూడని దానికి సాక్ష్యము చెప్పుట పండితునకును తగదు. 1958లో పీటర్ షెల్లరు అను జర్మను చరిత్రకారుడే పత్రములను పరిశీలించి, పౌరులు దాడి చేసిరను వాదము నిలువదని తేల్చెను. సైనికుల భయభ్రాంతులే ఆ కాల్పులకు మూలమని చరిత్రకారులు నిర్ణయించిరి. నలువదినాలుగు సంవత్సరములకు తేలినను లెక్క తేలినది.

జమకు వచ్చినవి

కాలిన గ్రంథాలయమునకు మొదట చేయూత నిచ్చినది మఱియొక గ్రంథాలయము. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున జాన్ రైలాండ్సు గ్రంథాలయము కలదు. హెన్రీ గప్పీ అనునాయన దానికి గ్రంథపాలకుడు. 1914 డిసెంబరులో ఆ గ్రంథాలయమువారు తమయొద్ద రెండేసి ప్రతులున్న పుస్తకములలో ఒక్కొక్కటి లూవేనునకు ఇచ్చుటకు నిశ్చయించి, ఇతరులును ఇండని తమ పత్రికలో అర్థించిరి. లూవేను అప్పటికి శత్రుహస్తగతమై యున్నది. పుస్తకములను పంపుటకు దారి లేదు. అయినను వచ్చినవానిని వచ్చినట్లు పట్టికలో వ్రాసి, దాతల పేర్లు ముద్రించి, యుద్ధము ముగియువఱకు భద్రపఱచిరి. 1925లో ఆ పని ముగియునాటికి పోగైన మొత్తము 55,782 సంపుటములు. ఇంచుమించు అనక చివరి పుస్తకము వఱకు అంకె మిగులుటయే ఆ గ్రంథపాలకుని నిష్ఠకు సాక్ష్యము.

1919లో కుదిరిన వెర్సేల్సు సంధి 247వ నిబంధనలో లూవేనున కాలిన గ్రంథములకు సంఖ్యలోను విలువలోను సరిపోవు గ్రంథములను జర్మనీ ఇయ్యవలెనని వ్రాసిరి. అంతటి రాజ్యముల నడుమ జరిగిన సంధిపత్రమున ఒక గ్రంథాలయపు పేరు చేరుట గొప్ప విశేషము.

జపాను దానము మనస్సును కరగించునది. 1923 సెప్టెంబరు 1వ తేదీ భూకంపమున చెలరేగిన మంటలలో టోకియో విశ్వవిద్యాలయ గ్రంథాలయము కాలిపోయి లక్షలకొలది పుస్తకములు నశించినవి. అట్లు తానే కోల్పోయిన దేశము, ఆ దుఃఖము ఆఱకమునుపే, లూవేనునకు 13 వేలకు పైబడిన జపాను సంపుటములను పంపెను. ఇల్లు కాలినవాడు మఱియొక ఇల్లు కాలినవానికి బియ్యము పంపినట్లున్నది గదా!

నూతన భవనమును అమెరికా ప్రజలు కట్టించి ఇచ్చిరి. విట్నీ వారెను దానికి శిల్పి. 1921లో శంకుస్థాపన జరిగెను. పాఠశాలలు, కళాశాలలు చందాలిచ్చినవి. వాని పేర్లు నేటికిని ఆ గోడల రాళ్లపై చదువవచ్చును. 1928 జులై 4వ తేదీన భవనము తెఱువబడెను. అయితే దానిముందు ఒక కలహము రేగెను. జర్మనుల క్రోధమున కూలి అమెరికా దానమున లేచినదను భావముగల లాటిను శాసనమును ముందుభాగమున చెక్కింపవలెనని శిల్పి పట్టుపట్టెను. విద్యాలయాధిపతి లదూజు అంగీకరింపలేదు. పగను రాతిపై చెక్కి విద్యార్థులకు నిత్యము చదివింపరాదని ఆ పక్షమువారి యభిప్రాయము. వ్యాజ్యములు నడచినవి. తుదకు శాసనము లేకయే భవనము నిలిచెను. ఆ మాటలు 1936లో దినాంతు పట్టణపు స్మారకమునకు పోయినవి.

రెండవ మాఱు

ఇంతమంది కూడి నింపిన భవనము పండ్రెండేండ్లు మాత్రమే సుఖముగా నుండెను. 1940 మే 10వ తేదీన జర్మను సైన్యము మరల బెల్జియముపై దండెత్తెను. మే 16వ తేదీ రాత్రి తెల్లవాఱులోపల గ్రంథాలయము రెండవసారి కాలిపోయెను. ఈసారి నష్టము సుమారు 9 లక్షల సంపుటములు. పెక్కు దేశముల పాఠకులు పంపిన దానములు పెక్కు అందే పోయినవి. యుద్ధానంతరము పాత నమూనా ప్రకారమే భవనమును తిరిగి కట్టిరి. పుస్తకములను తిరిగి అడిగిరి. లోకము తిరిగి ఇచ్చెను. కాల్చువాడు అలసిపోవును గాని ఇచ్చువాడు అలసిపోడని దీనివలన తెలియుచున్నది.

దాయాదుల పంపకము

మూడవ ఆపద బయటనుండి రాలేదు. బెల్జియమున డచ్చి భాష మాట్లాడు ఫ్లెమిషు ప్రజలును, ఫ్రెంచి మాట్లాడు ప్రజలును కలరు. పట్టణము ఫ్లెమిషు సీమలోనిది. వారు దానిని ల్యూవెన్ అందురు. విశ్వవిద్యాలయమున చిరకాలము ఫ్రెంచి పెత్తనము సాగుటచే వారికి న్యాయమైన కష్టమే యుండెను. 1968లో ఆ వివాదము ముదిరి ప్రభుత్వమే పడిపోయెను. విశ్వవిద్యాలయము రెండుగా చీలెను. ఫ్రెంచివారు తమకు లూవేన్-లా-నవ్ అను క్రొత్త పట్టణమునే నిర్మించుకొనిరి; దానికి 1971లో శంకుస్థాపన జరిగెను.

గ్రంథములను ఎట్లు పంచవలెను? వాని వరుససంఖ్యలను బట్టి బేసి సంఖ్యలవి ఒకరికి, సరి సంఖ్యలవి ఒకరికి అని పెక్కింటిని విభజించిరి. అన్నదమ్ముల పంపకములు చూచినవారికి ఇది క్రొత్త గాదు. పొలమును సగము చేసినను ఆ సగమున పంట పండును. ఇత్తడి బిందెలు చెఱి నాలుగు వచ్చినను నీళ్లు పట్టును. గ్రంథమాలలో ఒక సంపుటము ఇచ్చటను దాని తరువాతి సంపుటము అచ్చటను ఉన్నచో చదువరి ఏమి చేయవలెను? భారతములో ఆదిపర్వము అన్నకు, సభాపర్వము తమ్మునకు ఇచ్చినట్లుండును. రెండు యుద్ధములయందును శత్రువు ఎన్నడును చేయని పనిని ఇంటివారే లెక్క తప్పకుండ, న్యాయము తప్పకుండ చేసిరి.

అయినను కథ అంతటితో ముగియలేదు. ఆ రెండు విశ్వవిద్యాలయములును తరువాత స్నేహముతో మెలగ నేర్చినవి. 2025లో ఆరువందల సంవత్సరముల పండుగను రెండును జరుపుకొన్నవి. ఒక తల్లి పుట్టినరోజును పంచుటకు వీలుకాదు గదా.

మిగిలిన నిల్వ

ఈ జమాఖర్చును మూసి చూచినచో రెండు విషయములు స్పష్టమగును. దానమువలన అలమారులు నిండును. కాని 1914లో కాలిన ఆ 950 చేతివ్రాత ప్రతులకు ఏ సంధిపత్రమును బదులు తేలేకపోయెను. మన పోతనామాత్యుని భాగవతమున శిథిలమైన భాగములను గంగన, సింగన, నారయలు పూరించిరని ప్రసిద్ధి. వారి పుణ్యమున గ్రంథము పూర్ణమైనది, వారికి మనము ఋణపడియున్నాము. అయినను ఆ చోట పోతన యేమి వ్రాసెనో మనకు తెలియదు. పూరణము పూరణమే; పోయినది పోయినదే.

కనుక నష్టమునకు ముందే చేయవలసిన పని యొకటి కలదు. అది నకలు వ్రాయుట, పట్టిక వ్రాయుట. కడపలో బ్రౌను దొరగారు పండితులకు జీతములిచ్చి తెలుగు తాళపత్రములకు ప్రతులు వ్రాయించిరి. ఆ ప్రతులవలననే మన కావ్యములు కొన్ని నిలిచినవి.

మన యూరికి సైన్యము రానవసరము లేదు. అటకలమీది తాటాకు కట్టలకు చెదలు చాలును. అచ్చుపుస్తకమునకు ఎరువు తీసికొని తిరిగి ఇయ్యని చేయి చాలును. పరుల చేతికి పోయిన పుస్తకము పోయినట్లే యని పెద్దలు ఊరక చెప్పలేదు. మన గ్రంథాలయ రిజిస్టరులో ఎక్కని పుస్తకము పోయినచో, పోయినదని చెప్పుటకైనను ఆధార ముండదు. కావున ఈ రజతోత్సవ సంవత్సరమున ప్రతి గృహస్థుడును తన యింటి అటకను ఒకసారి దింపి చూచి, తాళపత్రములున్నచో ఇయ్యకపోయినను ఫొటోలు తీయనిచ్చి, వాని పేర్లను గ్రంథాలయ పట్టికలో వ్రాయింపవలెనని ప్రార్థన. చందాదారులు తమయొద్ద నిలిచిన పుస్తకములను తెచ్చి ఒప్పగింతురు గాక.

లూవేను ఖాతాలో మొదటి జమ 852. మన ఖాతాలో తరువాతి పంక్తి ఖాళీగా నున్నది. అందు ఎవరి పేరు వ్రాయవలెనో చెప్పవలసినవారు మీరే.